తుంటి దగ్గర మచ్చ

కత్తెర పట్టిన చేతికంటే నోరే ఎక్కువ ఆడుతుందని ఆయనకి పేరు. సెలూన్‌కి వచ్చేవాళ్ళంతా కబుర్లాయన అనే పిలుస్తారు. అసలు పేరేమిటో ఆసుపత్రి చీటీ రాయించేటప్పుడు ఆయనకే ఒక క్షణం ఆలోచించాల్సి వచ్చింది. అలాంటి మనిషి ఆ పొద్దున స్కాన్ గది బయట చక్రాల కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కుడి తొడ పొట్టవైపుకి ముడుచుకుపోయి ఉంది. చాపబోతే ప్రాణం పోయినంత పనవుతోంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి పక్కంతా తడిసేంత చెమట. ఒక తలకి క్షవరం పూర్తిచేసేలోపు గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకోవాల్సి రావడంతో ఇక కత్తెర పక్కన పెట్టి ఇక్కడికొచ్చి పడ్డాడు.

"భయమేస్తోందా?" అని అడిగింది భార్య.

"నాకేం భయం? భయపడాల్సింది ఆ మిషను. నేను మొదలెడితే అదే వినలేక ఆగిపోతుంది."

ఆవిడ నవ్వలేదు. ఆయన మెడమీద పట్టిన చెమటని రుమాలుతో తుడిచింది.

లోపలికి తీసుకెళ్ళాక టెక్నీషియన్ అమ్మాయి ఆయన మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, రెండు వేళ్ళతో తట్టి తట్టి నరం పట్టుకుంది. మందు ఎక్కుతుండగానే మిషను పలకల్లో ఒకటి తుంటి మీదికి దిగింది. కాసేపు గుయ్యిమంది. ఆ ఫొటో అయ్యాక ఆ అమ్మాయి రోజూ వందమందికి చెప్పే మాటలు ఆయనకీ చెప్పింది.

"ఇప్పుడు తీసింది రక్తం ఎలా పారుతోందో చూసే ఫొటో అండీ. మందు ఎముకల్లోకి దిగాక ఒంటికంతటికీ ఇంకోటి తీస్తాం. ఈలోగా నీళ్ళు బాగా తాగండి. పిలిచే ముందు బాత్రూంకి వెళ్ళిరండి. ఎముకలకి పట్టని మందంతా ఆ దారినే పోతుంది. గౌను మీద పడకుండా చూసుకోండి. పడితే చెప్పండి, మార్చేస్తాం."

"ఈ వయసులో నాకు పాఠాలా తల్లీ!" అన్నాడాయన. అన్నాడు గానీ చూపు పక్కకి తిప్పుకున్నాడు.

ఎందుకంటే ఏడాదిగా ఆయనకి అదే పెద్ద తలనొప్పి. పనైపోయిందనుకుని రెండడుగులు వేస్తే మళ్ళీ నాలుగు చుక్కలు. సెలూన్‌లో నల్ల ప్యాంటు తప్ప వేసుకోవడం మానేశాడు. కుర్చీలో కూర్చున్నవాడి భుజానికి ఆనుకుని నిలబడాల్సిన పని కదా, వాసనొస్తుందేమోనని సెంటు కొట్టుకోవడం మొదలెట్టాడు. కుర్రవాళ్ళు ఎగతాళి చేస్తే, "ఏం, నేను పెళ్ళికొడుకులా ఉండకూడదా?" అని తిప్పికొట్టాడు. ఊళ్ళో అందరి గుట్టూ కడుపులో దాచుకున్న మనిషి, తన గుట్టు మాత్రం కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

భార్య బాత్రూం గుమ్మం దాకా నడిపించింది. లోపల ఒంటికాలి మీద, గోడకి చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ముడుచుకున్న తొడ అడ్డం. అయిపోయిందనుకుని తిరగబోతుంటే అనుకున్నంతా అయింది. గౌను కుడివైపు అరచేతి మేర తడిసింది. అద్దంలో తన ముఖం తనే చూడలేకపోయాడు. తడిసిన చోటు పిండి, నేప్కిన్ కాగితంతో అద్ది, గౌనుని పక్కకి లాగి, తడి కనబడకుండా తుంటి కిందకి మడత పెట్టుకున్నాడు.

"బట్టలు పొడిగానే ఉన్నాయా అండీ?" అని టెక్నీషియన్ అడిగింది.

"ఇస్త్రీ బట్టల్లా ఉన్నాయమ్మా."

ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి, ముడుచుకున్న మోకాలి కింద దిండు పెట్టింది. పలకలు తల దగ్గర మొదలుపెట్టి కాళ్ళదాకా నత్తనడకన పాకాయి. చివర్లో ఒక పక్కకి తిరగమంటే ఆయన పెట్టిన కేకకి బయట భార్య లేచి నిలబడింది. "పోనీలెండి, పక్క ఫొటో వద్దులెండి పాపం," అంది ఆ అమ్మాయి, జాలిపడి.

గాజు కిటికీ అవతల తెరముందు ఒకావిడ కూర్చుని ఉంది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ముక్కు చివరకి జారిన కళ్ళజోడు. ఎవరో ఫోన్‌లో ఏదో తొందర పెడుతున్నట్టుంది. "ఫొటో అంటే పకోడీ పొట్లమా, అడగ్గానే చేతికివ్వడానికి? చూసి రాస్తాను, ఉండండి!" అని కసిరింది. ఆవిడే స్కాన్ డాక్టరమ్మ. ఆవిడ తల కత్తిరించినవాడెవడో గానీ మెడ దగ్గర వరస తప్పాడని కబుర్లాయన ఆ నొప్పిలోనూ గమనించాడు.

మర్నాడు ఎముకల డాక్టరు రౌండ్లకి వచ్చాడు. వెనకాల జూనియర్ డాక్టర్లు. మంచం దగ్గర ఆగి, కబుర్లాయన మీదుగా వాళ్ళతో మాట్లాడటం మొదలెట్టాడు.

"పాత ఫ్రాక్చరు. లోపల ప్లేటుంది. ఆ లోహం వల్ల ఎం.ఆర్.ఐ.లో తుంటి చుట్టూ ఏదీ సరిగా కనబడదు. అందుకే ఈ స్కాన్ అడిగాం. ఇదిగో, తుంటి దగ్గర నల్లగా మచ్చ. జ్వరం, రక్తపరీక్ష అన్నీ కలుస్తున్నాయి. ప్లేటు పట్టుకుని ఎముకలో ఇన్ఫెక్షన్. ఎల్లుండి తెరుస్తాం."

తెరవడానికి తనేమన్నా కిటికీనా అనుకున్నాడు కబుర్లాయన. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎవరూ తన ముఖం చూడటంలేదు. చూడని ముఖంతో హాస్యమేమిటి?

భార్యే ముందుకొచ్చింది. "తెరిచి ఏం చేస్తారు సార్?"

"ప్లేటు తీసేస్తాం. పాడైన ఎముకంతా గీకెయ్యాలి. తుంటి బంతి కూడా పాడైతే అదీ తీసెయ్యాలి. ముందు చీము పోవాలి, మిగతావి తర్వాత."

"మళ్ళీ నిలబడతారా? ఆయనది నిలబడి చేసే పని సార్."

డాక్టరు చెడ్డవాడేం కాదు. ఆ మాటకి ఆవిడవైపు తిరిగాడు. "కాలు కాస్త పొట్టి అవ్వచ్చు. కర్ర పట్టుకుని నడుస్తారు. గంటలకొద్దీ నిలబడటం అంటే... అది మర్చిపోండి. ముందు ప్రాణం ముఖ్యం కదమ్మా," అని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

పక్క మంచం మీద లారీ డ్రైవరు. పాదం పుండుపడి వాచిపోయి చేరాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటూ వార్డంతా నవ్విస్తున్నారు. డాక్టర్లు వెళ్ళాక డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"పోన్లే బావా. కూర్చుని క్షవరం చేసే కుర్చీ ఏదన్నా చేయించుకుందువుగాని. చక్రాలుంటాయి. నా లారీకి పాత టైర్లున్నాయి, ఇచ్చేస్తా."

"నీ టైర్లు వేస్తే కుర్చీ తలమీంచి పోతుంది బావా," అన్నాడు కబుర్లాయన. వార్డు నవ్వింది. ఆయన గోడవైపుకి ముఖం తిప్పుకున్నాడు. మనిషి నెత్తిమీద సుడి ఎటు తిరిగిందో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. కూర్చుంటే చెవులు తప్ప ఏం కనబడతాయి? ఇరవయ్యో ఏట పట్టిన కత్తెర ఎల్లుండితో చేతిలోంచి జారిపోతుందని అప్పుడు అర్థమైంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున, భార్య పాలల్లో రొట్టె నానబెట్టి తినిపిస్తుండగా, చెప్పులు టకటకలాడించుకుంటూ స్కాన్ డాక్టరమ్మ వార్డులోకి వచ్చింది. నర్సు కంగారుపడింది. స్కాన్ డాక్టర్లు వార్డుల్లోకి రారు. వాళ్ళ లోకం వాళ్ళ చీకటి గదే. ఈవిడ తిన్నగా వచ్చి, స్టూలు లాక్కుని, మంచానికి ఎదురుగా కూర్చుంది. కూర్చుని ముందు ఆయన ముఖంలోకి చూసింది.

"మీ రిపోర్టు రాసింది నేనే. కత్తి పడబోయేవాళ్ళ ఫొటోలు ముందురోజు మళ్ళీ ఒకసారి చూస్తాను, అదో పిచ్చి నాకు. మీది చూశాను. తప్పు రాశాననిపిస్తోంది."

రొట్టె ముక్క కబుర్లాయన నోట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆయన రకరకాల మాటలు విన్నాడు. ఇది మాత్రం మొదటిసారి వినడం.

ఆవిడ ఫిల్ము తీసి కిటికీ వెలుగుకి పట్టుకుంది. బూడిదరంగు అస్థిపంజరం, తుంటి పక్కన సిరా ఒలికినట్టు ఒక నల్లమచ్చ.

"చీము పట్టిన ఎముకలోకి రక్తం ఎక్కువగా పారుతుంది. అంటే సూది వెయ్యగానే తీసిన ఫొటోలోనే అక్కడ నల్లబడాలి. మీకు అందులో ఏమీ లేదు. లోపలున్న ప్లేటు అడ్డమొచ్చి కనబడలేదేమోలే అనుకున్నాను. నాకు తుంటి చూడమని రాశారు, తుంటి దగ్గర మచ్చ దొరికింది, ఇంకేముంది, తృప్తిపడిపోయాను. అలా తృప్తిపడటమే మా వృత్తిలో పెద్ద గొయ్యి. ఏదీ, కాలు ఒకసారి చూడనివ్వండి."

ఆవిడ ఆయన మోకాలినీ మడమనీ రెండు చేతులా పట్టుకుంది. తొడ ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉంచి, కాలిని మెల్లగా లోపలికి, బయటికి తిప్పింది. కేక పెట్టడానికి నోరు తెరిచి పెట్టుకున్న కబుర్లాయన దాన్ని అలాగే మూసేశాడు. పెద్దగా నొప్పి లేదు. తర్వాత కాలు చాపబోయింది. అప్పుడొచ్చింది కేక.

"చూశారా? కీలు దగ్గరే చీముంటే ఇందాక తిప్పినప్పుడే పైకప్పు ఎగిరిపోవాలి," అని చెయ్యి వీపు కిందకి పోనిచ్చి, నడుము ఎముకల మీద ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కుతూ వచ్చింది. ఒకచోట ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అక్కడే ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. పెద్ద ఫొటోకి ముందు బాత్రూంకి వెళ్ళారు కదా. గౌను మీద ఏమన్నా పడిందా?"

"ఛ ఛ!" అన్నాడు కబుర్లాయన. మరీ తొందరగా అన్నాడు.

"ఒంటి మీదగానీ, తొడ పక్కగానీ?"

"అబ్బే. నేనేం చంటిపిల్లాడినా డాక్టరమ్మా?"

భార్య పక్కనే ఉంది. డ్రైవరు చెవులు రిక్కించాడు. ఎదురు మంచం ముసలాయన రేడియో కట్టేశాడు మరీ. డాక్టరమ్మ గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"చూడండి, వీళ్ళందరి ముందు నా తప్పు నేను చెప్పాను. నాకేం తలకొట్టేసినట్టు లేదని అనను. ఉంది. ఇక్కణ్ణించి వెళ్ళి ఆ ఎముకల డాక్టరుకి చెప్పాలి, అది ఇంకా ఉంది. కానీ ఒంట్లోంచి బయటికొచ్చే నీళ్ళల్లో ఆ మందుంటుంది. చుక్క పడినా మిషనుకి అది ఎముకలాగే కనబడుతుంది. పడి ఉంటే అది మచ్చ కాదు, తడి. పడకపోతే మాత్రం నేను రాసిందే నిజం కావచ్చు. మిమ్మల్ని తప్ప ఎవర్ని అడగను?"

కబుర్లాయన దుప్పటి అంచుని వేలికి చుట్టాడు, విప్పాడు. ఇంత పెద్ద డాక్టరు, తెల్లజుట్టు మనిషి, స్టూలు మీద కూర్చుని తప్పు రాశానని వార్డంతా వినేలా చెప్పింది. తనకి నాలుగు చుక్కలు చెప్పడానికి నోరు రావటంలేదు. ఇన్నాళ్ళూ ఈ నోటినా జనం మెచ్చుకున్నది?

"పడింది," అన్నాడు.

"ఎక్కడ?"

"ఇక్కడే. కుడిపక్క. తడి కనబడకుండా తుంటి కిందకి మడిచాను. ఆ అమ్మాయి అడిగింది కూడా, అబద్ధం చెప్పాను." భార్యవైపు చూడకుండానే మిగతాది కూడా కక్కేశాడు. "ఒక్కరోజు కాదు డాక్టరమ్మా. ఏడాదిగా ఇదే బాధ."

"ఏడాదిగానా!" భార్య చేతిలో గిన్నె ఠక్కున బల్లమీద పెట్టింది. "అందుకా మీ బట్టలు మీరే ఉతుక్కుంటున్నది? నామీద ప్రేమ పొంగుకొచ్చిందనుకున్నాను గదండీ! మా అక్కతో కూడా గొప్పగా చెప్పుకున్నానే!"

ముందు డాక్టరమ్మే నవ్వింది. తర్వాత వార్డు వార్డంతా. కబుర్లాయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ చచ్చిపోతాననుకున్నవాడు చచ్చిపోలేదు. భార్య ఆయన నెత్తిమీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"ఆ చుక్కలకి వేరే డాక్టరున్నాడు, మందుంది, చీటీ నేను రాసిస్తాను," అని లేచింది డాక్టరమ్మ. "ముందు మీకింకో సూది పొడవాలి. తిట్టుకోకండి."

ఆరోజే మళ్ళీ అంతా మొదట్నుంచీ జరిగింది. ఈసారి డాక్టరమ్మ గదిలోనే ఉంది. సూది వెయ్యగానే తీసే ఫొటో తుంటి ఒక్కదానికే కాకుండా నడుముకి కూడా కలిపి తీయించింది. పెద్ద ఫొటోకి ముందు తడిగుడ్డతో తొడ తుడిపించి, ఉతికిన గౌను తొడిగించింది. పక్క ఫొటో కోసం నాలుగు దిండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, టెక్నీషియన్ అటూ తను ఇటూ పట్టుకుని, నొప్పి తెలియకుండా అంగుళం అంగుళం తిప్పారు. చెమటలు ఆవిడకే పట్టాయి. అయినా ఆ చేతులు ఒక్కసారి కూడా తొందరపడలేదు. చేతిపని మీద బతికినవాడు కాబట్టి కబుర్లాయనకి ఆ నిదానం విలువ తెలుసు. ఎవరికి దొరుకుతుంది ఇలాంటి చెయ్యి, అనుకున్నాడు.

ఎముకల డాక్టరు వచ్చేసరికి ఫొటోలు తెరమీద ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది. బల్లమీద పడుకున్న కబుర్లాయనకి ప్రతి మాటా వినబడుతోంది.

"రేపు పొద్దున నా మొదటి కేసు ఇదే మేడమ్. తుంటిలో ఉందని మీరే రాశారు. ఇప్పుడు మీరే వద్దంటే ఎలా?"

"రాసింది నేనే, కొట్టేస్తున్నదీ నేనే. నన్ను తర్వాత తిట్టుకుందురుగాని, ముందు ఇది చూడండి. తుంటి దగ్గర మచ్చ ఏదీ?"

కుర్చీ తెర దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"పోయింది. ఎముకలో ఉన్నది తడిగుడ్డతో తుడిస్తే పోతుందా? ఇక నడుము చూడండి. మొన్న కూడా ఈ వెన్నుపూస ఇలాగే నల్లగా ఉంది. వయసుకొచ్చిన అరుగుదల అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. ఇవాళ తొలి ఫొటోలోనే ఎలా నల్లబడిందో చూడండి."

ఎముకల డాక్టరు గొంతు మారింది. "నడుముకి ఎం.ఆర్.ఐ. తీద్దాం. ప్లేటు అంత దూరం ఇబ్బంది పెట్టదు." నేరుగా లోపలికి వచ్చి, మొదటిసారి కబుర్లాయన కళ్ళల్లోకి చూసి మాట్లాడాడు. "ఏమండీ, నడుము నొప్పి ఉందని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు తుంటి గురించే అడిగారు సార్."

డాక్టరు తల ఊపి, చేత్తో ఆయన భుజం నొక్కి వెళ్ళిపోయాడు.

ఎం.ఆర్.ఐ.లో అంతా బయటపడింది. ఆ బొమ్మ ఆయనకి చూపించడానికి డాక్టరమ్మ మళ్ళీ వార్డుకొచ్చింది. రెండు వెన్నుపూసలు కలిసే చోట ఎముక కొరికేసినట్టుంది. అక్కణ్ణించి పొట్ట వెనగ్గా తొడదాకా దిగే ఒక కండ ఉంటుందట. చీము దాని వెంట జారి లోపల సంచి కట్టింది. అందుకే తొడ ముడుచుకుంది, నొప్పి తుంటిలో పలికింది.

"అంటే నా తుంటికి ఏమీ కాలేదా?"

"భేషుగ్గా ఉంది. దాన్ని కోసుంటే పాపం, ఏ పాపం ఎరగనిదాన్ని కోసినట్టు."

చీము తియ్యడానికి కత్తి అక్కర్లేకపోయింది. స్కాన్ చూస్తూ డాక్టరమ్మే వీపు పక్కనుంచి సన్నటి గొట్టం పెట్టింది. దాంట్లోంచి వచ్చింది పరీక్షకి పంపించి, సరిపడే మందు పట్టుకుని నరానికి ఎక్కించారు. వారాల తరబడి మందు వాడాలి, నడుముకి బెల్టు కట్టుకోవాలి, అంతవరకూ కత్తెర ముట్టకూడదు. తర్వాత నిలబడచ్చు, ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఆ మాట విన్నప్పుడు భార్య ఏడ్చింది. "ఇదేం చోద్యం, కాలు పొట్టవుతుందంటే ఏడవని దానివి!" అన్నాడాయన. అని తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

జ్వరం తగ్గింది. తొడ రోజురోజుకీ కాస్త కాస్త చాపుకుంటూ వచ్చింది. డ్రైవరు మాత్రం వదిలిపెట్టలేదు. మంచినీళ్ళ గ్లాసు కనబడితే చాలు, "జాగ్రత్త బావా, స్కాన్‌లో పడుతుంది!" అనేవాడు. ఎవరన్నా కొత్తగా చేరితే కథంతా వాళ్ళకి మొదట్నుంచీ చెప్పేవాడు. కబుర్లాయన కూడా మధ్యలో అందుకుని, తను మర్చిపోయిన ముక్కలు కలిపేవాడు. భార్య తల కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం డ్రైవరు పాదం వంతు వచ్చింది. పుండు ఎముకదాకా వెళ్ళిందో లేదో స్కాన్‌లో తేలాలి, వెళ్తే వేళ్ళు తీసెయ్యాలి. నర్సు గౌను ఇచ్చి, నీళ్ళ సీసా బల్లమీద పెట్టి వెళ్ళింది. డ్రైవరు సీసా ముట్టుకోలేదు. ఎప్పుడూ నోరు మూతపడనివాడు పైకప్పు ఫ్యాను చూస్తూ పడుకున్నాడు.

"ఏం బావా, టైరు పంచరా?" అన్నాడు కబుర్లాయన.

డ్రైవరు దగ్గరికి రమ్మన్నట్టు వేలు ఆడించాడు.

కబుర్లాయన మంచం పట్టీ పట్టుకుని లేచాడు. బెల్టు సర్దుకుని, రెండు కాళ్ళూ నేలమీద ఆన్చి నిటారుగా నిలబడ్డాడు. పట్టీ వదిలేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పక్క మంచం దాకా నడిచి వెళ్ళాడు. భార్య పిలవబోయి ఊరుకుంది.

డ్రైవరు ఆయన మెడ వంచుకుని చెవిలో చెప్పాడు.

"నాక్కూడా బావా. రెండేళ్ళ నుంచీ."

కబుర్లాయన నవ్వలేదు. మూత తీసి నీళ్ళ సీసా అతని చేతిలో పెట్టి, పక్కవాళ్ళు వినకుండా వంగి అన్నాడు.

"తాగు. లోపలికెళ్ళగానే ఆ డాక్టరమ్మ తల్లికి చెప్పెయ్. ఏమీ అనదు."